శేపా అంటే చేప కాదు: వీధి ఫ్రెంచ్ ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో దిగిన మొదటి వారం. ల్యాబ్‌లో పక్క కుర్చీ కుర్రాణ్ణి ప్రింటర్ ఎక్కడుందని అడిగితే భుజాలెగరేసి "శేపా" అన్నాడు. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్, వందకి 98. అయినా ఆ మాట ఎక్కడా చదివిన గుర్తు లేదు. మా కాకినాడ వైపు చేపని 'సేప' అనేవాళ్ళున్నారు గానీ, ప్రింటర్ అడిగితే చేప ఊసెందుకు? రెండు రోజులకి తెలిసింది. పుస్తకంలో 'జ న సే పా' అని నాలుగు ముక్కలుగా ఉండే 'నాకు తెలీదు' నోట్లో నలిగి నలిగి అలా తయారైందట. 'ఏమి చేయుచున్నావు' అని నేర్చుకుని హైదరాబాదులో దిగినవాడికి 'ఏంజేస్తున్నవ్' వినిపిస్తే ఎలా ఉంటుందో, నా పని అలా అయింది.

ఇప్పుడు నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఈ సంగతే. "అన్నా, స్లాంగ్‌కి ఏది మంచిది? క్లాసా, యూట్యూబా, సిరీస్‌లా, ర్యాపా? లేక అక్కడికెళ్తే అదే వచ్చేస్తుందా?" వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలంటే ముందు స్లాంగ్ అని మనం దేన్ని అంటున్నామో తేల్చుకోవాలి. ఆ ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు సరుకులున్నాయి, నాలుగూ ఒకే కొట్లో దొరకవు.

(ముక్కుతో పలికే ఫ్రెంచ్ అచ్చుల దగ్గర అరసున్న పెట్టాను. మనం మూలన పడేసిన అక్షరానికి ఇన్నాళ్ళకి పని దొరికింది.)

నాలుగు పొరలు

మొదటిది మింగుడు. 'లేదు, కాదు' చెప్పేటప్పుడు రాతలో ఉండే 'న' నోట్లో ఎగిరిపోతుంది. 'త్యు ఆ' (నీకుంది) కాస్తా 'తా' అవుతుంది. 'ఇల్ యా' (ఉంది) వట్టి 'యా' అయిపోతుంది. 'మేము, మనం' అనడానికి పుస్తకం 'ను' నేర్పితే, జనం నోట ఎక్కువగా వినపడేది 'ఓఁ'. ప్రశ్న వేయాలంటే మాటల వరస తిప్పక్కర్లేదు, 'త్యు వా ఊ?' అంటే 'ఎక్కడికెళ్తున్నావ్' అయిపోయింది. నన్నడిగితే ఇది స్లాంగే కాదు. ప్రొఫెసరూ డాక్టరూ బామ్మగారూ అందరూ ఇలాగే మాట్లాడతారు.

రెండోది ఇంటి మాటలు. ఫ్రెంచ్ నిఘంటువుల్లో వీటి పక్కన 'ఫామిలియే' అని గుర్తుంటుంది. ఉద్యోగానికి 'బులో', డబ్బుకి 'ఫ్రిక్', పుస్తకానికి 'బుకాఁ', నేస్తానికి 'పోత్', పేరు గుర్తురాని ప్రతిదానికీ 'త్ర్యుక్'. తినడాన్ని 'బుఫే' అంటారు. ఇది మన పెళ్ళిళ్ళ బుఫే కాదు, అర్థంలో మన 'లాగించడా'నికి దగ్గర. వస్తానని రాకుండా చెయ్యిచ్చినవాణ్ణి 'కుందేలు పెట్టాడు' అంటారు, స్పృహ తప్పితే 'ఆపిల్స్‌లో పడ్డాడు' అంటారు. అరవై ఏళ్ళవాళ్ళు కూడా ఈ మాటలు వాడతారు కాబట్టి నేర్చుకున్న శ్రమ వృథా పోదు.

మూడోది కుర్రకారు మాటలు, అందులో ముఖ్యంగా వెర్లాఁ. 'లాఁవేర్' అంటే తిరగేసినది. ఆ మాటనే తిరగేస్తే 'వెర్లాఁ'. పెద్దాళ్ళకి తెలియకూడదని మనం ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి క-భాష మాట్లాడుకున్నాం కదా, వీళ్ళు మాటనే తలకిందులు చేస్తారు. 'ఫూ' (పిచ్చి) తిరగబడి 'ఊఫ్', 'లూష్' (తేడాగా ఉన్నది) తిరగబడి 'షలూ', 'లూర్' (బరువు) తిరగబడి 'రలూ', అంటే ప్రాణం తీసేవాడు. పోలీసుని 'ఫ్లిక్' అనడమే స్లాంగ్, దాన్నీ తిరగేసి 'కఫ్' చేశారు. 'అరాబ్' తిరగేస్తే వచ్చిన 'బర్' అనే మాట 1980ల్లో పత్రికలకెక్కి అందరిదీ అయిపోయేసరికి, కుర్రాళ్ళు దాన్ని మళ్ళీ తిరగేసి 'రబ' అన్నారు. ఒకసారి దాక్కున్న చోటు బయటపడితే ఇంకోచోట దాక్కున్నట్టు.

ఈ పొరలో అరబిక్ మాటలూ చాలా ఉన్నాయి. తెగ నచ్చడాన్ని 'కిఫే' అంటారు. ఉర్దూ మీదుగా మనకొచ్చిన 'కైపు'కీ దీనికీ తల్లి ఒకటే అరబిక్ మాట. 'సమ్' అంటే అరబిక్‌లో విషం, ఫ్రెంచ్ కుర్రాడి నోట కడుపుమంట. 2018 జూలై 10న ప్రపంచ కప్ సెమీఫైనల్లో బెల్జియం 1-0తో ఫ్రాన్స్ చేతిలో ఓడాక, బెల్జియం వాళ్ళకి 'సమ్' పట్టిందని ఫ్రెంచ్ జనం ఏళ్ళ తరబడి ఏడిపించారు. ఆ ముక్క తెలియకపోతే ఆఫీసులో బెల్జియం సహోద్యోగి ఎందుకు ముఖం మాడ్చుకున్నాడో మీకు అర్థం కాదు.

నాలుగోది బూతు. వింటే గుర్తుపట్టాలి, అంతవరకే.

దేన్ని చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు, మీకు కావలసింది చెవికా నోటికా? ఎదుటివాళ్ళు అన్నది అర్థం కావడం ఒక అవసరం, మీరు అనగలగడం ఇంకో అవసరం. మొదటి ఏడాది మొత్తం చెవి పనే ఎక్కువ. స్లాంగ్ తెలియనివాణ్ణి ఫ్రెంచ్ వాళ్ళు ఏమీ అనుకోరు. యాస కుదరకుండా 'కఫ్', 'మఫ్' (ఆడమనిషికి వెర్లాఁ మాట) అని తోసుకొచ్చేవాణ్ణి చూసి నవ్వుతారు. మనూళ్ళో తెలుగు నేర్చుకుంటున్న ఉత్తరాది మిత్రుడు ఉన్నట్టుండి 'ఏం మామా' అంటే మనం నవ్వమా?

తరవాత చూడాల్సింది, ఆ మాట ఎవరితో అనొచ్చో ఆ దారి మీకు చెబుతుందా అని. ఫ్రెంచ్‌లో 'త్యు' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. ఎదుటివాళ్ళు "ఓఁ స్ త్యుత్వా?" అంటే "నువ్వు అనుకుందామా?" అని అడిగినట్టు, తలుపు తెరిచినట్టు. అది తెరవకముందే మూడో పొర తీస్తే మీ రీసెర్చ్ గైడ్ మొహంలో రంగు మారుతుంది.

మూడోది తాజాదనం. 1985లో ఒక టీవీ ఇంటర్వ్యూలో అప్పటి అధ్యక్షుడు మిత్తెరాఁని మీరు 'షెబ్రాఁ' అధ్యక్షులేనా అని అడిగారు. 'బ్రాఁషే' అంటే కాలంతో పాటు నడిచేవాడు, దాని వెర్లాఁ ఇది. ఆయన ఆ మాట అప్పటికే పాతబడిందనీ, 'కాబ్లే' అనాల్సిందనీ విలేఖరికే పాఠం చెప్పాడు. ఇప్పుడు ఆ రెండూ పాతవే. మొదటి రెండు పొరలకి ఈ బెడద తక్కువ, మూడోదానికి రెండేళ్ళ కిందటి వీడియో కూడా ముసలిదే.

ఇక ఏ దేశం అన్నది. ఫ్రాన్స్ స్లాంగ్ నేర్చుకుని కెనడాలోని మాంట్రియల్లో దిగితే ఏమవుతుందో తరవాత చెబుతాను.

| దారి | మింగుడు | ఇంటి మాటలు | కుర్రకారు మాటలు | ఎవరితో అనొచ్చో చెబుతుందా | ఖర్చు |
|---|---|---|---|---|---|
| క్లాస్, ట్యూటర్ | అడిగితే | కొంత | దాదాపు లేదు | బాగా | వేలల్లో |
| యాప్‌లు | లేదు | అక్కడక్కడ | లేదు | లేదు | ఉచితం లేదా చందా |
| వీధి ఇంటర్వ్యూ వీడియోలు | చాలా బాగా | బాగా | కొంత | కొంత | ఉచితం |
| ఫ్రెంచ్ సిరీస్‌లు | బాగా | బాగా | కథని బట్టి | సన్నివేశం చూసి ఊహించాలి | చందా |
| ర్యాప్ | కష్టం | కొంత | కావలసినంత | లేదు | ఉచితం |
| రూమ్మేట్లు, నేస్తాలు | చాలా బాగా | చాలా బాగా | బాగా, తాజాగా | అడిగితేనే | కాఫీ డబ్బులు |

క్లాస్

హైదరాబాదులో అలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది, ప్రైవేటు ట్యూటర్లకి కొదవ లేదు. పాఠం సాగేది పరీక్ష కోసం కాబట్టి స్లాంగ్ దానంతట అది రాదు. కానీ ఇంకెక్కడా దొరకని లాభం ఒకటుంది: "ఈ మాట మా హెచ్‌ఆర్‌తో అనొచ్చా మేడమ్?" అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉంటారు. వారానికి మూడు మాటలు బయట విని రాసుకెళ్ళి అడగండి. ఒక్క స్లాంగ్ కోసమే ఫీజు కట్టి చేరడం మాత్రం దండగ. వ్యాకరణం ఇంకా నిలదొక్కుకోలేదంటే క్లాసుకే వెళ్ళండి, ఎందుకంటే 'న' ఎక్కడుండాలో తెలిసినవాడికే అది ఎక్కడ ఎగిరిపోయిందో వినపడుతుంది.

యాప్‌లు

ఈ పనికి పనికిరావు. బస్సులో కూర్చుని పదాలు నెమరేసుకోవడానికి సరే.

వీధి ఇంటర్వ్యూ వీడియోలు

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దీనికి. ఈజీ ఫ్రెంచ్ అనే యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు మైకు పట్టుకుని వీధిలో పోయేవాళ్ళని ఆపి మాట్లాడిస్తారు. కింద ఫ్రెంచ్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ అక్షరాలు వస్తాయి. తడబాటుతో, మధ్యలో మింగేస్తూ, 'బాఁ', 'అఁ ఫే', 'ద్యు కూ' అని నసుగుతూ మనుషులు మాట్లాడేది అందులో దొరుకుతుంది. ఈ నసుగుడు మాటలే అసలు సిసలు రోజువారీ ఫ్రెంచ్. 'ద్యు కూ' అంటే 'దాంతో, అందుకని'. మనవాళ్ళు ప్రతి వాక్యానికీ 'అంటే…' అని మొదలుపెట్టినట్టు వాళ్ళు దీన్ని వాడతారు.

లోటు ఏమిటంటే, కెమెరా చూడగానే ఎవరైనా కాస్త చొక్కా సర్దుకుంటారు, భాష కూడా సర్దుకుంటుంది. మూడో పొర ఇక్కడ పలచగా ఉంటుంది. వేగం మరీ ఎక్కువనిపిస్తే ఆర్‌ఎఫ్‌ఐ రేడియో రోజూ ఇచ్చే సులువైన ఫ్రెంచ్ వార్తల దగ్గర మొదలుపెట్టొచ్చు. అయితే అది వార్తల భాష, అందులో 'శేపా' వినపడదు.

సిరీస్‌లు

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఇంగ్లిష్ సిరీస్‌కి ఫ్రెంచ్ ఆడియో పెట్టుకుని చూస్తారు. డబ్బింగ్ సినిమాల్లో వినపడే తెలుగు ఎవరింట్లో మాట్లాడతారు చెప్పండి? పెదాల కదలికకి సరిపడేట్టు అతికిన భాష అది. ఫ్రెంచ్ డబ్బింగ్ కూడా అంతే, నున్నగా, ఊరూ పేరూ లేకుండా ఉంటుంది. పైగా కింద వచ్చే అక్షరాలు ఒకటి, వినపడేది ఇంకొకటి. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్‌లోనే తీసినవి చూడండి, వినికిడి లోపం ఉన్నవారి కోసం ఇచ్చే ఫ్రెంచ్ అక్షరాలు పెట్టుకోండి. అవి మాటకి దగ్గరగా ఉంటాయి.

ఎంచుకునే కథ కూడా ముఖ్యమే. నేను మొదట్లో వరసపెట్టి పోలీసు సిరీస్‌లు చూశాను. జైలుని ఏమంటారో, చాడీలు చెప్పినవాణ్ణి ఏమంటారో, సరుకు అమ్మేవాణ్ణి ఏమంటారో అన్నీ వచ్చాయి. ప్లంబర్‌కి ఫోన్ చేసి కుళాయి కారుతోందని చెప్పడం రాలేదు. ఫ్యాక్షన్ సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నవాడు కిరాణా కొట్లో తొడగొట్టినట్టుంటుంది. కుటుంబం, ఆఫీసు, బడి చుట్టూ తిరిగే హాస్య కథలు పట్టుకోండి. రెండో పొర అంతా అక్కడే ఉంది.

ర్యాప్

వెర్లాఁ, అరబిక్, రోమానీ, పశ్చిమ ఆఫ్రికా మాటలు అన్నీ కలిసి ఉడికే కుండ ఇది. ఆయా నకామురా సంగతి తీసుకోండి. మాలిలో పుట్టి పారిస్ శివార్లలో పెరిగిన గాయని. పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె పాడుతుందన్న మాట బయటికి రాగానే, ఆమెది ఫ్రెంచే కాదని గొడవ చేసినవాళ్ళున్నారు. 2024 జూలై 26న ఆమె రిపబ్లికన్ గార్డ్ బ్యాండుతో కలిసి పాడింది. ఎక్కడంటే, 1635 నుంచి ఫ్రెంచ్ భాషకి కాపలా కాస్తున్న అకాడమీ కొలువుండే భవనం ముంగిట. గ్రాంథికవాదుల మేడ ముందు గిడుగు రామమూర్తి గారికి సభ పెట్టినట్టు.

వినడానికి ఎంత బాగున్నా నేర్చుకోవడానికి ఇది ఆఖరి మెట్టు. పాటలో మాట లయ కోసం వంగుతుంది, బూతుకీ మామూలు మాటకీ మధ్య గీత కనపడదు. ర్యాప్‌లో విన్న ప్రతి మాటనీ విక్సియోనెర్ అనే ఆన్‌లైన్ ఫ్రెంచ్ నిఘంటువులో వెతకండి. 'ఫామిలియే' అని ఉంటే నోటికి, 'ఆర్గో' (స్లాంగ్) అని ఉంటే చెవికి, 'వ్యుల్గేర్' (బూతు) అని ఉంటే దూరానికి.

రూమ్మేట్లు, నేస్తాలు

నాలుగు పొరలూ తాజాగా, ఉచితంగా దొరికేది ఇక్కడే. అయినా నా అనుభవంలో ఎక్కువమంది జారవిడుచుకునేదీ ఇదే. నలుగురు తెలుగువాళ్ళు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుంటే అద్దె తగ్గుతుంది, పప్పు కుదురుతుంది, ఫ్రెంచ్ మాత్రం బేకరీ గుమ్మం దాటదు. ఆ బేకరీలో కూడా ఊరి మాట ఉంటుంది. మిగతా ఫ్రాన్స్‌లో చాలాచోట్ల 'పాఁ ఓ షోకోలా' అనే చాక్లెట్ కూరిన పేస్ట్రీని మా తూలూజ్‌లో 'షోకోలాతీన్' అనకపోతే కొట్టు పిల్ల ముసిముసిగా నవ్వుతుంది.

ఫ్రెంచ్ వాళ్ళతో ఇల్లు పంచుకోవడం కుదిరితే కొంచెం అద్దె ఎక్కువైనా కళ్ళు మూసుకుని చేరండి. ఇంటి వాట్సాప్ గ్రూపే పెద్ద బడి. 'ఎమ్‌డీఆర్' అంటే 'మోర్ ద రీర్', నవ్వలేక చచ్చా. 'టీకేటీ' అంటే 'తాఁక్యెత్', కంగారు పడకు. 'జేపీపీ' అంటే ఇక నా వల్ల కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం పడాలి. మీ తప్పుని వాళ్ళు మర్యాదకి దిద్దరు. పైగా ఒకే మనిషి దగ్గర నేర్చుకుంటే ఆ మనిషి భాషే వస్తుంది. నాకు మొదటి ఏడాది 22 ఏళ్ళ స్కేట్‌బోర్డు కుర్రాడి ఫ్రెంచ్ వచ్చింది, 30 ఏళ్ళ పరిశోధకుడి నోట. కొత్త మాట విన్నప్పుడల్లా "ఇది ప్రొఫెసర్‌తో అంటారా?" అని అడగడం అలవాటు చేసుకున్నాకే దారిలో పడ్డాను.

ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్ళకి టాండెమ్, హలోటాక్ లాంటి చోట్ల భాష ఇచ్చిపుచ్చుకునే జోడీ దొరుకుతుంది. తెలుగు కావాలనేవాళ్ళు అరుదు గానీ, మీ ఇంగ్లిష్ కోసం వస్తారు.

మీరెవరైతే ఏది

సెప్టెంబరులో మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళు: వెళ్ళే ముందు మూడు నెలలు రోజుకి ఇరవై నిమిషాలు వీధి వీడియోలు చూడండి. మొదటి పొర ఒక్కటి చెవికి పడితే చాలు. మిగతాది క్యాంటీన్‌లో వస్తుంది. ర్యాప్ జోలికి క్రిస్మస్ సెలవుల దాకా పోకండి.

ఆఫీసు పనిమీద పారిస్ వెళ్ళేవాళ్ళు: మీటింగ్‌లో అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు, అసలు విషయాలు కాఫీ మిషన్ దగ్గర ఫ్రెంచ్‌లో తేలతాయి. మీకు రెండో పొర కావాలి. హాస్య సిరీస్‌లు, దానితో పాటు వారానికో గంట ట్యూటర్. మూడో పొర మీ జూనియర్లకి వదిలేయండి.

కెనడా పీఆర్ కోసం చదివేవాళ్ళు: 2023 నుంచి కెనడా వలసల పద్ధతి అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు తీస్తున్నారు కాబట్టి ఈ గుంపు పెరిగిపోయింది. వీళ్ళలో చాలామంది స్లాంగ్ మాకెందుకు, పరీక్ష గట్టెక్కితే చాలంటారు. దీనికి రాసే ఫ్రెంచ్ పరీక్షల్లో ఒకటైన టెఫ్ కెనడా మౌఖిక పరీక్షలో రెండు భాగాలున్నాయి. మొదటిది 5 నిమిషాలు, ఫోన్‌లో వివరాలు కనుక్కోవడం, 'వూ' భాష. రెండోది 10 నిమిషాలు, ఒక నేస్తాన్ని ఒప్పించడం, 'త్యు' భాష. ఈ రెండో భాగంలో నేస్తంతో గ్రాంథికం మాట్లాడితే కృతకంగా ఉంటుంది. 'న' వదిలేసి, 'ఓఁ' వాడుతూ, ఒకటి రెండు 'ఇంటి మాటలు' పడితే మాట మాటలా ఉంటుంది. వెర్లాఁ మాత్రం వద్దు.

మాంట్రియల్ ఉన్న, ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలోనే స్థిరపడే ఆలోచన ఉంటే పైన చెప్పిన వీడియోలు సగమే పనికొస్తాయి. అక్కడ కారుని 'షార్' అంటారు, ప్రేయసిని ఆమె జుట్టు నల్లగా ఉన్నా 'బ్లోఁద్' అంటారు, విసుగ్గా ఉంటే 'సే ప్లాత్' అంటారు. 'దీనే' అంటే ఫ్రాన్స్‌లో రాత్రి భోజనం, క్యుబెక్‌లో మధ్యాహ్న భోజనం. దీనేకి పిలిస్తే వేళ కనుక్కుని వెళ్ళండి. తిట్లు చాలావరకు చర్చి సామానే: దివ్యప్రసాదం ఉంచే పెట్టె పేరు 'తాబర్నాక్' అయి అక్కడ గట్టి తిట్టు. అన్నిటికన్నా ప్రమాదం 'గోస్'. ఫ్రాన్స్‌లో అది పిల్లలు. "మీ గోస్‌లు బాగున్నారా?" అని మాంట్రియల్లో ఎవరినైనా అడిగారో, మీరు అడిగింది వాళ్ళ వృషణాల క్షేమం. క్యుబెక్ వాళ్ళే చేసిన సిరీస్‌లు, క్యుబెక్ ట్యూటర్, ఈ రెండే మీ దారి.

భర్త లేదా భార్య ఉద్యోగం మీద వెళ్ళి, ఇంటి దగ్గర పిల్లలతో ఉండేవాళ్ళు: మీకు ఖర్చులేని గురువులు ఇంట్లోనే తయారవుతారు. ఫ్రాన్స్‌లో మూడేళ్ళు నిండిన ఏడాదే బడి తప్పనిసరి, ఆరు నెలల్లో పిల్లలు మిమ్మల్ని దాటిపోతారు. బడి గేటు దగ్గర మిగతా తల్లులతో మాట కలపడానికి మొదటి రెండు పొరలు చాలు. పిల్లలు తెచ్చే మాటల్ని మాత్రం వడపోసుకోండి, వాళ్ళకి ఏది ఎవరితో అనాలో తెలీదు. మన మాటలతోనూ చిక్కే. 'కాకా' అంటే ఫ్రెంచ్ పిల్లల భాషలో దొడ్డికి. కరీంనగర్ నుంచి చుట్టపు చూపుగా వచ్చిన బాబాయిని చూసి మా పక్కింటి పాప పార్కులో ఆ చివర్నుంచి ఈ చివరికి "కాకా! కాకా!" అని అరుస్తూ పరుగెత్తుకొస్తే, బెంచీ మీది ఫ్రెంచ్ బామ్మలిద్దరు ఆయన్ని ఆపి టాయిలెట్ ఎక్కడుందో చూపించారు.